చంద్రవ్వ జవాబు

"నేను రాయించిన ఉత్తరం ముట్టిందా?" అన్నాడు పోశయ్య, పర్శరాములు సంచి కింద పెట్టకముందే.

"ఉత్తరమా? ఏదీ రాలే." రెండు నెలలు ఊళ్లో ఉండి, పర్శరాములు ఆ ఉదయమే రాస్ అల్ ఖైమా క్యాంపుకు తిరిగొచ్చాడు. గుడ్డలో చుట్టిన కాసెట్ తీసి ఇచ్చాడు. "ఇగో, చంద్రవ్వ వదినె ఇచ్చింది. మస్తు కోపం మీదున్నది. ఎందుకే అంటే, ఆయననే వినుమను అన్నది."

పర్శరాములు తన గదికి పోతే, పోశయ్య కాసెట్ పట్టుకుని తన గదిలోకి వచ్చాడు. చదువు రాని ఆ మొగుడూ పెళ్లాలకు కాసెట్లే ఉత్తరాలు. ఇతను మాట్లాడి పంపేవాడు, ఆమె విని దానిమీదే జవాబు నింపి పంపేది. ఆరేళ్లుగా ఒకటే కాసెట్ అటూ ఇటూ తిరిగింది. ఈసారి ఆ కాసెట్ తలగడ కిందే ఉండిపోయింది. దాచమని గర్బా ఇచ్చిన అచ్చం అలాంటిదే పొరపాటున ఊరికి పోయింది. దాన్ని చెరపొద్దనే పోశయ్య ఉత్తరం రాయించాడు.

గర్బా అదే గదిలో ఉండే నైజీరియా డ్రైవరు. వాళ్ల దేశంలో సినిమాలు కొత్తగా మొదలైన రోజుల్లో సౌండు పట్టినవాడు. అక్కడి నవల ఒకటి సినిమాగా తీస్తే, రీళ్లన్నీ గోదాములో వాన నీళ్లకు కుళ్లిపోయాయి. బొమ్మ పోయింది. గర్బా ఎక్కించుకున్న కాసెట్లో మాటలూ పాటలూ మిగిలాయి. పాత సినిమాల చరిత్ర రాసే ప్రొఫెసరొకాయన వాటి కోసమే లేగోస్ నుంచి వచ్చి, గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పోశయ్య రెండు నెలలుగా 'నా పెట్టెలో భద్రంగ ఉంది భాయ్' అని బొంకుతూ వస్తున్నాడు.

"యల్లా పోశయ్యా, పెట్టు!" అన్నాడు గర్బా.

పోశయ్య దేవుడికి దండం పెట్టుకుని మీట నొక్కాడు. ప్రొఫెసర్ కళ్లు మూసుకున్నాడు.

"ఏమయ్యా, ఇన్నవా? బర్రె ఈనింది."

ప్రొఫెసర్ కళ్లు తెరిచి, నోట్సు పుస్తకం తీసి, ఇది ఏ పాత్ర అని గర్బాను అడిగాడు.

"నా సినిమాలో బర్రెల గొడవ లేదే," అన్నాడు గర్బా.

పోశయ్య చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యి భాయ్. నీ కాసెట్ ఊరికి పోయింది. నా పెండ్లం దానిమీదనే జవాబు నింపింది. ఖలాస్."

గర్బా గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "పెళ్లి సీన్లో ఆ పిల్ల ఏడుపు పందొమ్మిది సార్లు తీశాం," అన్నాడు మెల్లగా. పోశయ్యకు తన చెప్పుతో తననే కొట్టుకోవాలనిపించింది. టేపు ఆపబోతే గర్బా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ. చివర్లో కొంచెమన్నా చెరగకుండా ఉంటదేమో."

ముగ్గురూ విన్నారు. కప్పు కురుస్తున్న సంగతి, మేనమామ కాలు విరిగిన సంగతి అయ్యాక చంద్రవ్వ గొంతు పెంచింది.

"గా ఏడ్చెటిది ఎవ్వతి? డోళ్లు కొట్టిచ్చి పెండ్లి గూడ చేసుకున్నవు! ఆ మాటలు నాకు సమజ్ గావనుకున్నవా? ఏడుపుకు భాషేందయ్యా?"

"ఏమంటోంది?" అన్నాడు గర్బా.

"నీ హీరోయిన్‌ను తిడుతాంది," అన్నాడు పోశయ్య తలవంచుకుని.

ప్రొఫెసర్ పెన్నుకు మూత పెట్టేశాడు.

"నువ్వు రా, కులపెద్దల నడుమ నిలవెడ్త. సాక్ష్యమేది అంటవా? నీ కాసెట్ చెరపకుంట పెట్టెల పెట్టి తాళమేసిన!"