బయ్యమ్మ చూసిన నాటకం

"మన నాటకం పుట్టింది ఈమె నుంచే!" మదనపల్లె రిహార్సల్ హాల్లో డైరెక్టర్ లోకనాథం బయ్యమ్మ మెడలో పూలదండ వేశాడు. "ఈమె కథే సినిమా అయింది. ఆ సినిమానే మనం పాటల నాటకంగా వేస్తాండాం."

గుడుపల్లె నుంచి వచ్చిన బయ్యమ్మ ఆ సినిమా ఎప్పుడూ చూడలేదు. ముందు వరసలో కూర్చుంది.

స్టేజి మీద హీరో వేషం వేసిన గిరిబాబు, బయ్యమ్మ వేషంలో ఉన్న సరళను బలవంతంగా ఎత్తుకుపోయి తలుపేశాడు. తర్వాతి పాటలో సరళ మెడలో తాళితో అతని కాళ్ల దగ్గర కూర్చుని, నువ్వే నా దేవుడివని పాడింది.

పాటయ్యాక గిరిబాబు దిగొచ్చి ఆశీర్వాదం కోసం వంగాడు. బయ్యమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నిన్ను అనేది కాదప్పా. నువ్వేసిన ఏషాన్ని నేను దీవించేది లేదు. నన్నెత్తుకపోయినోణ్ణి నేను పెండ్లి చేసుకున్నానని యెవురు చెప్పినారు?"

"సినిమాలో అట్లే ఉండాది కదమ్మా," అన్నాడు లోకనాథం. "విజిళ్లు పడేది ఆ పాటకే. సరళా, ఇంకోసారి!"

హార్మోనియం మొదలైంది. పుంగనూరు నుంచి రోజూ బస్సులో ఆ పాటే పాడుకుంటూ వచ్చే సరళకు నోరంతా చేదైంది. బయటికెళ్లి ఉమ్మేసి వచ్చి, బయ్యమ్మ పక్కన కూర్చుంది.

"నిజంగా ఏం చేసినారమ్మా?"

"కుప్పం కోర్టులో అందరి ముందరా వాణ్ణి ఏలెత్తి సూపించినా. జైలుకు పంపించినా."

సరళ లోకనాథం వైపు తిరిగింది. "దీనికి పాట కట్టించండి సార్. అదైతే పాడతా."

గిరిబాబు అతికించుకున్న మీసం పీకేశాడు.

"నేను ముద్దాయిగా బోనులో నిలబడతా సార్."