బాడిస

బాడిస నీళ్ళలో పడిన రోజు మంగళవారం.

ఆ ఉదయం కంభం చెరువు కట్ట కింద ఆదెయ్య కేక వినబడింది.

"ఏయ్! నా దోనెకెందుకు కన్నం పెడతాండావు?"

ఎవరో ముసలాయన తల ఎత్తలేదు. తాటిమొద్దు తొలిచి చేసిన, ఆదెయ్య కొత్తగా కొన్న దోనె ముందు కూర్చుని, దాని తెరిచిన మూతికి పూసిన సిమెంటును వడ్రంగి బాడిసతో చెక్కుతున్నాడు.

"తాటిదోనె మూతికి బంకమట్టి మెత్తుతారు నాయనా. సిమెంటు ఎవురూ పెట్టరు."

"మట్టి దినామూ మెత్తాల. సిమెంటయితే ఒక్కసారే. బేస్తవారిపేట సురేష్ చెప్పే అమ్మినాడు."

ముసలాయన చేయి ఆగింది.

"దీని కింద చీలిక ఉంది. చెరువు మధ్యలో ఊడొస్తది."

"నీకెట్ల తెలుసు?"

ముసలాయన మళ్ళీ చెక్కసాగాడు.

"నిన్నే తాతా! చూసినావా? ఎవురన్నా చెప్పినారా?"

ముసలాయన నేల వైపు చూశాడు.

"తాతకు సిమెంటు లోపల కూడా కనబడతాదన్నా, కళ్ళజోడు లేకుండానే!" అన్నాడు ఆదెయ్య తమ్ముడు మహేష్, వల దులుపుతూ.

ఆదెయ్య నవ్వలేదు. బాడిస లాక్కుని చెరువులోకి విసిరేశాడు.

నీళ్ళు సర్దుకునేదాకా ముసలాయన అటే చూశాడు.

"దాంతో ఇంకా పనుండె నాయనా."

అంత మాత్రమే అని, కట్ట ఎక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ముసలాయన చెక్కిన చోట ఆదెయ్య మళ్ళీ సిమెంటు పూశాడు.

గురువారం పొద్దున వల వేయడానికి మహేష్ ఒక్కడే దోనెలో వెళ్ళాడు. గాలి లేదు. చెరువు కదలకుండా ఉంది.

మధ్యాహ్నానికి దోనె బోర్లా తేలుతూ కనబడింది. మూతికి సిమెంటు లేదు. జానెడు చీలిక ఉంది.

మహేష్ మరునాడు దొరికాడు.

కర్మ అయిపోయాక ఆదెయ్య సురేష్ ఇంటికి వెళ్ళాడు. సురేష్ లేడు. వాకిట్లో సగం తొలిచిన తాటిమొద్దు ఉంది. పక్కన సురేష్ తల్లి కూర్చుని ఉంది.

"నీ కొడుకేడి అవ్వా?"

"వారమాయె, ఇంటికి రాలేదు."

"ఇంకో దోనె చేస్తాండాడా? ఇదెవురికి అంటగడతాడంట?"

"ఇది వాడిది కాదు నాయనా, మా ఆయన తొలుస్తుండె. కొడుకు చీలిన దోనె అమ్మినాడని తెలిసి కూడు ముట్టలేదు. కంభంలో ఎవురో ఆదెయ్యంట, ఆయనకు ఇది ఇయ్యాలన్నాడు. అంతలోపల ఆ చీలినది నీళ్ళలో దిగకుండా చేసొస్తానని పోయి, బాడిస ఏడనో జారవిడుచుకోని వచ్చినాడు. అప్పట్నుంచి పని ఆగిపోయింది."

ఆమె కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది.

"నువ్వెవరు నాయనా?"

ఆదెయ్య తన పేరు చెప్పలేదు.