గాలి పోయే దారి

కంప్యూటరు నాలుగోసారి చచ్చింది.

రెల్యా సీపీయూ డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పెనంలా కాలుతోంది.

శనివారంలోగా, కట్టబోయే ఓ హోటలు బొమ్మని కంప్యూటర్లో గీసి పంపాలి. పంపకపోతే, నెలనెలా పనిచ్చే ఒకే ఒక్క కంపెనీ చేజారిపోతుంది. నీష్ లాంటి ఊళ్ళో అలాంటిది మళ్ళీ దొరకడం కల్ల.

చిరాగ్గా మెట్లమీదకి వచ్చాడు. కింది అంతస్తు ముసలాయన తిహోమిర్ ఎప్పటిలాగే మెట్ల దగ్గరి కిటికీలు బార్లా తెరుస్తున్నాడు.

ఆయనంటే ఆ భవనంలో ఎవరికీ పడదు. జూలై ఎండలోనూ కిటికీలు బిగించుకుని కూర్చునే జనం వాళ్ళు. ఎదురెదురు కిటికీల మధ్య గాలి వీచిందంటే మెడ పట్టేస్తుందనీ, నడుం పోతుందనీ, మూతి వంకరపోతుందనీ వాళ్ళ భయం. ఈయన తెరవడం, వాళ్ళు తిట్టి మూయడం. పదకొండేళ్ళుగా ఇదే తంతు. గాలి పిచ్చోడని పేరు కూడా పెట్టేశారు. ఆయన ఇంట కాఫీ తాగినవాళ్ళు లేరు.

రెల్యాకి మాట్లాడాలని లేదు. కానీ కడుపుమంట ఆగక సంగతంతా చెప్పేశాడు. తొంభై ఆరు డిగ్రీలకి చేరగానే ఆగిపోతోందన్నాడు.

"చూడొచ్చా?"

"మీకు కంప్యూటర్లు తెలుసా, బాబాయ్?"

"తెలీదు. గాలి తెలుసు."

రెల్యాకి నవ్వొచ్చింది. పోయేదేముందని లోపలికి రానిచ్చాడు.

ముసలాయన మోకాళ్ళమీద కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. తాగలేదు. డబ్బా ముందు పట్టుకున్నాడు. పొగ లోపలికి పోయింది. వెనక పట్టుకున్నాడు. అక్కడా లోపలికే పోయింది.

"వెనక ఫ్యాను నువ్వు తిప్పి బిగించావా?"

రెల్యా తలూపాడు. ఫ్యాను గాలి మోకాళ్ళకి కొడుతోందని చెబితే, కీళ్ళు పోతాయిరా అని అమ్మ ఫోనులో హడలగొట్టింది. ఏప్రిల్లో తనే తిప్పి బిగించాడు.

"గాలి రావడానికి దారుంటే చాలదు, అబ్బాయ్. పోవడానికీ ఉండాలి. లేకపోతే లోపలున్నవాళ్ళు చస్తారు."

"లోపలున్నవి చిప్పులు, బాబాయ్. మనుషులు కాదు."

ముసలాయన స్క్రూడ్రైవరు తెమ్మన్నాడు.

ఫ్యాను మళ్ళీ సరిగ్గా బిగింపజేశాడు. పైన జాలీమీద అమ్మ వచ్చినప్పుడు పరిచిన అల్లిక గుడ్డ తీయించాడు. మళ్ళీ పొగ పెట్టాడు. ముందునుంచి దూరి, వెనకనుంచి సన్నగా బయటికొచ్చింది. దాన్ని ఆయన చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"గంటసేపు దీనిచేత గొడ్డుచాకిరీ చేయించు. ఎన్ని డిగ్రీలుందో కిందికొచ్చి చెప్పు. కాఫీ పెడతాను."

"అలాగే."

"తప్పకుండా రా. అది తెలిస్తే గానీ నాకు నిద్రపట్టదు."

గంట తర్వాత కంప్యూటరు డెబ్భై ఒకటి దగ్గర నిలబడింది. రెల్యా సంబరంగా పనిలో పడ్డాడు. కిందికి వెళ్తే ముసలాయన ఓ పట్టాన వదలడనిపించింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు.

బుధవారం కాలింగ్ బెల్లు మోగింది. తలుపు కన్నంలోంచి చూస్తే తిహోమిర్. రెల్యా చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గే.

శనివారం బొమ్మ పంపేశాడు. బాగుందని జవాబు కూడా వచ్చింది. ఉత్త చేతులతో వెళ్ళకూడదని ఓ కాఫీ పొట్లం పట్టుకుని కిందికి దిగాడు.

తలుపుమీద నల్ల అంచు కాగితం అంటించి ఉంది. తిహోమిర్ ఫొటో, పేరు, వయసు. పోయింది గురువారం. పూడ్చింది నిన్న.

అలాంటి కాగితంలో, దుఃఖిస్తున్నవారు అన్నచోట, భార్యాపిల్లల పేర్లు వేస్తారు. ఈయనకి నా అన్నవాళ్ళు లేరని భవనమంతటికీ తెలుసు. అయినా అక్కడ ముప్ఫై ఏడు పేర్లున్నాయి.

ఆయన ఇంటిపేరుతో ఏ ఒక్కటీ కలవలేదు.

వాటి కింద ఒకే ముక్క రాసుంది: "బొగ్గుగని అంటుకున్న రోజున పొగ పోయే దారి తీసి మమ్మల్నందరినీ ప్రాణాలతో పైకి తెచ్చిన మా గాలి మేస్త్రీకి."