కళ్ళ డాక్టరు

పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ద్వారకానాథ్ విజిల్ ఊది, అవతలి జట్టుకి పెనాల్టీ ఇచ్చేశాడు. టార్నీట్ పార్కులో గీత బయట నిలబడ్డ అమ్మానాన్నలంతా గొల్లుమన్నారు.

"కళ్ళు ఇంట్లో పెట్టొచ్చారా? బాల్ మన లాస్య భుజానికి తగిలింది, చేతికి కాదు!" అతని భార్య సీతాదేవి అరిచింది.

కూతురు లాస్య వాళ్ళ జట్టుకి అతను కోచ్. రెఫరీ రాకపోతే, ఆట ఎవరి పార్కులో జరిగితే ఆ జట్టు కోచే విజిల్ పట్టాలి. అసలు రెఫరీ ఎందుకు రాలేదంటే, పోయిన వారం ఓడిపోయిన కోపంలో అతను క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు: "మన రెఫరీకి చూపు ఆనట్లేదు. మంచి కళ్ళ డాక్టరుంటే చెప్పండి."

ఇవాళా ఓడిపోయారు. ఆట అయ్యాక ఆ రెఫరీ, యూనివర్సిటీలో చదివే వైశాలి, నేరుగా అతని దగ్గరికొచ్చింది. ఆమె చెల్లెలూ ఇదే జట్టు.

"అంకుల్, లాస్ట్ వీక్ బాల్ గీత దాటింది. అది మనకి గోలే. నేనే మిస్సయ్యా."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు నన్నడగలేదుగా, గ్రూపుని అడిగారు."

అతను విజిల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవాళ్టి పెనాల్టీ కరెక్టేనా అంకుల్?"

ద్వారకానాథ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాదమ్మా. నా కూతురని వదిలేశానంటారేమోనని భయపడ్డా. గ్రూపులో మాత్రం పెట్టకమ్మా!"

అతని జేబులో ఫోన్ టింగుమంది. గ్రూపులో సీతాదేవి మెసేజ్: "కళ్ళ డాక్టరు దొరికాడు. రేపు మావారికే అపాయింట్‌మెంట్."