పెళ్లికొడుకు కారుకు కడ్డీ

"స్ట్రట్ బార్ చూపిస్తారా?" అంది షారోన్.

కె.ఆర్.పురంలో కార్ల సామాన్ల కొట్టు నడిపే ఓంకార్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ పాతికేళ్లలో ఆడవాళ్లు వచ్చి సీటు కవర్లు అడిగారు, సెంటు సీసాలు అడిగారు. ఈ మాట అడిగిన మనిషి ఈమే మొదలు.

"ఎవురి బండికమ్మా?"

"నన్ను చేసుకోబోయే ఆయనది. పెళ్లి కానుక."

మోడలు, సంవత్సరం కాగితం మీద రాసుకొచ్చింది. ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, నర్సు గుర్తింపు కార్డు ఇంకా మెడలోనే ఉంది.

ఓంకార్ లోపలికెళ్లి రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"బానెట్ ఎత్తితే ఆ పక్కొకటి, ఈ పక్కొకటి షాకబ్సార్ల తలకాయలు కనపడతాయి కదమ్మా. ఆ రెంటినీ కలిపి పట్టే కడ్డీ ఇది. మలుపులో బండి ఒళ్లు మెలిపడకుండా పట్టుకుంటాది. ఈ నీలందానికి నడాన మరలుండాయి, పొడుగూ పొట్టీ చేసుకోవచ్చు. నల్లది ఒకటే ముక్క. కంపెనీ కొలత, వెంట్రుకంత కూడా జరగదు. నా మాట విని నీలంది తీసుకో. బండైనా సంసారమైనా అడ్జస్ట్ అయ్యేదే మేలు!"

షారోన్ నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. రెండేళ్ల కిందట భర్త డేవిడ్ పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ రావడం లేదు. అన్నం తిన్నావా అంటే తిన్నానంది. సాల్మన్‌ని చేసుకుంటావా అంటే చేసుకుంటానంది. రెండూ ఒకే గొంతుతో చెప్పింది.

"నల్లది కూర్చోకపోతే?"

"ఎందుకు కూర్చోదు? ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే కూర్చుంటాది. ఎప్పుడన్నా గట్టి దెబ్బ తినుంటేనే బోల్టులు కలవవు."

"కొత్తదే కొన్నారు. ఇంతవరకు గీత కూడా పడలేదంటారు."

"అట్లయితే ఇంకేం?"

"నల్లదే ఇవ్వండి. రేపు ఆయన్ని తీసుకొస్తాను, మీరే బిగించాలి."

పెళ్లికూతుళ్లు వాచీ కొంటారు, ఉంగరం కొంటారు. ఇనుప కడ్డీ చూసి అక్క రాచెల్ ముక్కున వేలేసుకుంది. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి" అంది. అయినా లోలోపల సంతోషించింది. చెల్లెలు తనంతట తాను బజారుకెళ్లి ఒక వస్తువు కొనడమే ఆమెకు పండగ.

సాల్మన్‌కి వంక పెట్టడానికి లేదు. చర్చి గాయకబృందంలో డేవిడ్ పక్కన నిలబడి పాడినవాడు. డేవిడ్ సమాధి పనులన్నీ తన నెత్తిన వేసుకున్నాడు. కారు ఊళ్లో అన్నయ్య దగ్గరుందని ఆ నాలుగు రోజులూ ఆటోల్లోనే తిరిగాడు. ఆ తర్వాత కూడా వదల్లేదు. సిలిండర్ అయిపోతే తెచ్చాడు, కుళాయి కారితే బాగుచేయించాడు. ఒక్క వారం తప్పలేదు. దేవుడే పంపాడమ్మా అన్నారు సంఘంలో పెద్దవాళ్లు. అలాంటి మనిషిని చేసుకోనంటే తప్పు షారోన్‌దే అవుతుంది.

చర్చిలో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. రెండు ఆదివారాలు అయిపోయాయి. ఎవరూ కిక్కురుమనలేదు.

ఈ కడ్డీ సరిగ్గా కూర్చోవాలని మాత్రం షారోన్ మనసారా కోరుకుంది. డేవిడ్ పోయాక ఆమె ఒకటి కోరుకోవడం ఇదే మొదలు. కూర్చుంటే చాలు, కళ్లు మూసుకుని కాపురానికి వెళ్లిపోతుంది.

శనివారం సాల్మన్ మురిసిపోతూ కారు తెచ్చి కొట్టు ముందు ఆపాడు.

"నా కార్ల పిచ్చి తెలిసి కొన్నావు షారోన్! ఎవరిస్తారు ఇలాంటి గిఫ్టు?"

ఓంకార్ బానెట్ ఎత్తి, నట్లు విప్పి, కడ్డీ దించాడు. కుడివైపు బోల్టులు చక్కగా దూరాయి. ఎడమవైపు చిటికెనవేలంత తేడా వచ్చింది. తీసి మళ్లీ పెట్టాడు. అంతే తేడా. టేపుతో కొలిచాడు. వంగి కింద వేలు పెట్టి తడిమాడు.

"సార్, ఈ పక్క లోపలికి వచ్చుండాది. లాగి, వెల్డింగ్ పెట్టి, పైన రంగు కొట్టుండారు. దెబ్బ మాత్రం చిన్నది కాదు."

సాల్మన్ మొహం తుడుచుకున్నాడు. "సామానే తేడా అయ్యుంటుంది."

"సామానులో తేడా లేదు సార్. ఈ వెల్డింగ్ ఎక్కడ చేయించినారు?"

"హొసకోటెలో... ఒక షెడ్డులో. ఏదో డివైడర్‌కి తగిలిందిలే."

"ఎప్పుడు?" అంది షారోన్.

సాల్మన్ కడ్డీ వైపే చూస్తూ, "గుర్తులేదు. రెండేళ్లయి ఉంటుంది" అన్నాడు. వెంటనే గొంతు పెంచి, "పోనీలే, బల్ల మీదున్న ఆ నీలంది వేయండి, మరలున్నది ఎలాగైనా సరిపోతుందిగా" అన్నాడు.

షారోన్ ఆ వెల్డింగ్ గీతను వేలితో తడిమింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"వద్దు" అంది. కడ్డీని అక్కడే వదిలి, ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు మూడోసారి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలని తలెత్తితే, రెండేళ్ల కిందట హొసకోటె రోడ్డు మీద డేవిడ్‌ని గుద్ది ఆగకుండా పోయిన కారు ఎవరిదో చెప్పడానికి పెళ్లికూతురే లేచి నిలబడింది.