గెలిచిన పెజో

“హమ్మాదీ మళ్ళీ అడిగాడా?” అంది రఖియా, మొగుడి గ్లాసులోకి పుదీనా టీ వంపుతూ.

“అడక్కేం? పండగ పండక్కీ అడుగుతూనే ఉన్నాడుగా,” అన్నాడు జిలాలీ. “ఇన్నాళ్ళూ అమ్మమనేవాడు. ఇప్పుడు మార్చుకుందామంటున్నాడు. వాడి కారు నాకట, నాది వాడికట.”

“గెలిచిన కారుని ఇచ్చేస్తాడా? ఆయనకి మతిగానీ పోయిందా?”

జిలాలీకీ అదే అంతుపట్టడం లేదు.

ఫ్రాన్సువాళ్ళ పెజో 504 కారు కెన్యాలోనూ మొరాకోలోనూ ఒకే ఏడు ర్యాలీ పందేలు గెలిచి అందరి నోళ్ళలో నానుతున్న రోజులవి. ఆ మరుసటి ఏడు కాసాబ్లాంకాలోని ఓ షోరూం యజమాని రెండు తెల్ల 504లని ర్యాలీకి పంపాడు. ఒకటి జిలాలీ నడిపాడు, రెండోది అతని స్నేహితుడు హమ్మాదీ. అట్లాస్ కొండల్లో ఓ ఎండిన ఏరు దాటుతుంటే జిలాలీ కారు వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం విరిగింది. అక్కడి కమ్మరి నాగలి కర్రు ముక్క వేసి అతికిస్తే, కుంటుకుంటూ ఇల్లు చేరాడు. హమ్మాదీ బండరాళ్ళని గుద్ది, మూతీ ముక్కూ సొట్టలు పోయిన కారుతోనే మొరాకో డ్రైవర్లందరిలో మొదటివాడిగా వచ్చాడు.

షోరూం యజమాని ఆ గెలిచిన నంబరు కారుని నెల రోజులు అద్దాల వెనక నిలబెట్టాడు. తరవాత రెండు కార్లకీ కొత్త రంగు వేయించి, ఎవరి నంబరు కారు వాళ్ళకి బహుమానంగా ఇచ్చేశాడు. జిలాలీ తన కారు మీద టార్పాలిన్ కప్పి షెడ్డులోకి తోయించాడు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తాళం తిప్పలేదు. ఓడిన కారు మొహం చూడటం అతనికి ఇష్టం లేకపోయింది.

హమ్మాదీ కారు మాత్రం ఊరంతా తిరిగింది. టాక్సీవాళ్ళు దాన్ని చూసి హారన్లు కొట్టి సలాం చేసేవాళ్ళు. జిలాలీ సొంత కూతురి పెళ్ళిలో కూడా చుట్టాలంతా పెళ్ళికూతుర్ని వదిలేసి ఆ కారు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆ పూట జిలాలీకి ముద్ద దిగలేదు.

“ఆయన మంచివాడేనండీ,” అంది రఖియా. “కిందటి వానలకి మన షెడ్డు కారుతోందని రేకులు పంపలేదూ?”

“దెప్పడానికి పంపాడు. ఓడిన కారుకి గొడుగు పట్టి నవ్వుకుందామని.”

“పోనీ, ఇప్పుడు ఒప్పుకోకండి.”

“ఎందుకు ఒప్పుకోను? ఆదివారం సముద్రం ఒడ్డున పాత ర్యాలీ కార్ల ఊరేగింపు. ఆ కారే ముందు నడవాలి. చచ్చేలోగా ఒక్కసారి దాని స్టీరింగు పట్టుకోనీ నన్ను.”

మర్నాడు కాగితాల మీద ముద్ర వేయించుకోవడానికి ఇద్దరూ మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళారు.

“బాగా ఆలోచించుకున్నావా?” అన్నాడు జిలాలీ, ఎక్కడ కాదంటాడోనని లోపల భయపడుతూనే.

“నువ్వు ముందు సంతకం పెట్టరా బాబూ,” అన్నాడు హమ్మాదీ. తను సంతకం పెట్టబోయి మొదటి అక్షరమే తప్పు రాసి, దిద్దుకున్నాడు.

పాపం, గెలిచిన కారు పోతోందని బాధ కాబోలు అనుకున్నాడు జిలాలీ. ఆ బాధ చూసి అతని ప్రాణం హాయిగా ఉంది.

ఆదివారం ఊరేగింపులో కార్లు బారులు తీరాయి. సిట్రోయెన్ డీఎస్, లాంచియా ఫుల్వియా, ఆల్పైన్, అన్నీ ఒకప్పుడు ఈ దేశపు దుమ్ములో గెలిచిన జాతులే. వాటన్నిటికీ ముందు తెల్ల పెజోలో జిలాలీ. ఒడ్డు పొడుగునా జనం చప్పట్లు కొడుతుంటే, ఇన్నేళ్ళూ ఇవన్నీ ఆ హమ్మాదీగాడు ఒక్కడే మింగాడు కదా అని మళ్ళీ కుళ్ళుకున్నాడు.

ఊరేగింపు అయ్యాక వెనక చక్రం దగ్గర ఏదో కిర్రుమంటోందని వంగి కిందకి చూశాడు. చట్రానికి మొరటుగా ఓ అతుకు ఉంది. అందులో నాగలి కర్రు ముక్క.

జిలాలీ తిన్నగా హమ్మాదీ ఇంటికి వెళ్ళాడు. హమ్మాదీ మోచేతుల దాకా నూనె పూసుకుని, మార్చుకున్న కారు ఇంజనులో తల దూర్చి ఉన్నాడు.

“నా అతుకు నీ కారు కింద ఎందుకుందిరా?”

“అది నీ కారే కనక,” అన్నాడు హమ్మాదీ తల ఎత్తకుండానే. “సొట్టలు పోయిన కారుని అద్దాల వెనక పెడితే ఏం బాగుంటుందని, నున్నగా ఉన్న నీ కారుకి నా నంబరు పలక బిగించాడు ఆ షోరూంవాడు. నీ పలక నా కారుకి బిగించాడు. రంగులు వేయించి అలాగే మన చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చుకుని కింద దూరి చూసిన రోజే నాకు తెలిసింది.”

“అంటే గెలిచిన కారు ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉందా?”

“నీ దగ్గరే ఉంది.”

“మరి ఒక్క మాటైనా చెప్పలేదేం?”

“చెబితే ఇచ్చేవాడివా?”

జిలాలీ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

“చప్పట్లు నీకే, ఫొటోలు నీకే. నలభై ఏళ్ళు నిన్ను చూసి ఎంత ఏడ్చానో తెలుసా?”

హమ్మాదీ చేతులు తుడుచుకుని కారు పైకప్పు మీద మెల్లిగా చెయ్యి వేశాడు.

“నీ షెడ్డుని చూసి నేను ఏడవని రోజు లేదురా.”