పదకొండేళ్ల పాఠం

1942 సెప్టెంబరు 4, శుక్రవారం. ఆ రోజు మొదటి వింత, మా అనాథాశ్రమం డాక్టరు గారే మాకు అబద్ధం నేర్పడం.

పదేళ్ల లోపు పిల్లలనూ, అరవై అయిదు దాటిన ముసలివాళ్లనూ రేపు, యూదులమైన మమ్మల్ని కంచె వేసి బంధించిన ఈ గెట్టో నుంచి పంపేస్తారట. ఎక్కడికో జర్మన్లు చెప్పలేదు. ఇంతకుముందు వెళ్లినవాళ్ల దగ్గర నుంచి ఒక్క ఉత్తరం ముక్కా రాలేదు.

"నీకెన్నేళ్లు, రైజ్లా?" అన్నారు డాక్టరు సెండర్ గారు.

"ఎనిమిది."

"తప్పు. పదకొండు."

"నిన్ననే కదండీ, అబద్ధమాడానని నాచేత మెట్లన్నీ కడిగించారు!"

"కడిగావులే, సగం మురికి అలాగే ఉంది. ఏ సంవత్సరంలో పుట్టావు?"

"ముప్పై నాలుగు... కాదు, ముప్పై ఒకటి."

"అమ్మ దొంగా! లెక్కలు రావని ఇన్నాళ్లూ నటించావా?" అని నవ్వారు. నవ్వుతూనే, నన్ను పొడుగ్గా చూపించడానికి నా బూట్లలో గుడ్డపీలికలు కుక్కారు.

మధ్యాహ్నానికి పన్నెండుమందిమి పదకొండేళ్లవాళ్లమయ్యాం.

"మరి రేపు మిమ్మల్ని అడిగితే?" అన్నాను.

"అరవై ఎనిమిది."

"అబద్ధం! మొన్న పుట్టినరోజుకి యాభై తొమ్మిది నిండాయన్నారు."

"అందుకే నేనూ పొద్దుటి నుంచి వల్లె వేస్తున్నాను."

పక్కగదిలో అయిదుగురు చంటివాళ్లు ఆడుకుంటున్నారు. ఎన్ని పీలికలు కుక్కినా వాళ్లకు పదేళ్లు రావు.

"రేపు ఆరింటికే లే, తల్లీ," అన్నారు డాక్టరు గారు. "వాళ్లకు మొహాలు కడిగి కోట్లు తొడుగుదాం. ఆ తర్వాత నువ్వు పెద్దపిల్లల వరసలోకి వెళ్లిపో. నేను వీళ్లతో వెళ్తాను. నా వంక చూడకు."